డేగయాఁకలి: శ్యేనవిద్యయు నాంధ్రవాఙ్మయమును

ఆంధ్రవాఙ్మయమునకు డేగ క్రొత్త పక్షి కాదు. శిబిచక్రవర్తికథ నెఱుఁగని తెలుఁగువా రరుదు. విజయనగరసింహాసన మెక్కిన యొక రాజవంశము డేగపేరినే తన పేరుగా ధరించినది. సంక్రాంతినాఁటి కోడిపందెముల బరులలో డేగ యనుమాట నేఁటికిని వినవచ్చుచునే యున్నది. అయినను, డేగను పిడికిటిపై నిలుపుకొని దానితోడి వేఁటను ఓనమాలనుండి నేర్చుకొను పిన్నవాని కథ మన ప్రసిద్ధకావ్యములలోఁ గానరాదు. డేగ యున్నది, డేగ నేలిన రాజున్నాఁడు, డేగకు వెఱచిన పావుర మున్నది, డేగను జూచి నేర్చుకొను శిష్యుఁడు మాత్రము లేఁడు. ఈ లోప మెట్లు కలిగినదో, దానివలన మనకు వాటిల్లిన నష్ట మేమో విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగా సిద్ధాంతమును జెప్పి పిదప నుపపత్తులను జూపెదను. శ్యేనవిద్యకుఁ బ్రాణము ఆఁకలి. మన కావ్యసంప్రదాయము డేగయొక్క వేగమును, తేజమును, బిరుదమును గైకొని యాఁకలిని విడిచినది. శిబికథ యొక్కటియే దాని నెఱిఁగి పలికినది. ఆ కథనైనను మనము పావురమువైపునుండియే చదివితిమి.

ఈ విచారమునకు ఖమ్మము భద్రాచలముల నడిమి వనసీమ తగిన తావు. భద్రాచలమునకుఁ జేరువనున్న ఏటపాక, జటాయువు రావణు నెదిరించిన చోటని స్థానికులు చెప్పుకొందురు. జటాయువు డేగ కాదు, గృధ్రరాజు. అయినను మాంసాశియైన పక్షిని ధర్మవీరునిగా నిలిపిన కథకు స్థలము చూపు సీమ యిది. ఆ యడవికి మఱియొక వైపున ఇల్లెందు, కొత్తగూడెముల బొగ్గుగనుల సీమ యున్నది. ఇల్లెందుప్రాంతమున బొగ్గున్నదని 1871లో విలియం కింగు కనిపెట్టెను. ఆ గనులను ద్రవ్వ నేర్పడిన సంస్థకు 1920లో సింగరేణి కాలరీస్ అనుపేరు వచ్చెను. అడవియు గనియు నిట్లొకదాని నొకటి తాఁకు చోటఁ బెరుగు పదునైదేండ్ల బాలుఁడు, పక్షులయం దిష్టము గలవాఁడైనచో, ఊరిచివరి చెట్టుకొమ్మపైఁ దఱచుగాఁ జూచు డేగ జాలెడేగ. హిందూస్థానీయమున దీనిని షిక్రా యందురు. ఇంచుమించు పావురమంత పక్షి, వీఁపు బూడిదవన్నె, తెల్లని ఱొమ్మున లేత యెఱుపుచాఱలు, ముదిరిన పక్షికిఁ గన్నులు ఎఱ్ఱన. తొండలు, ఉడుతలు, చిన్నపిట్టలు దీని యాహారము. ఇతరములగు డేగలకంటెఁ ద్వరగా మాలిమి యగుటచే, భారతదేశమున డేగవేఁట నేర్చువారు పూర్వము దీనితోడనే విద్య నారంభించుట పరిపాటి. కావున శిష్యునికిఁ దగిన పక్షి యీ సీమలో ఊరిచెట్టుమీఁదనే యున్నది. శిష్యుని గూర్చిన కావ్యమే లేదు.

ఇఁకఁ బూర్వగ్రంథములను జూతము. కల్యాణచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు 12వ శతాబ్దిపూర్వార్ధమున రచించిన మానసోల్లాసము రాజవినోదములలో శ్యేనవినోదమును జేర్చినది. అనుమకొండ కాకతీయులు తొలుత నా చాళుక్యులకు సామంతులు. అందుచే నా వినోదము తెలుఁగుసీమ కపరిచితమై యుండదు. తెలుఁగుకన్నడములలో సాళువ మనఁగా వేఁటడేగ. అది బిరుదమై, పిదప వంశనామమై, 1485లో విజయనగరరాజ్యమును గైకొన్న సాళువ నరసింహరాయలతోఁ జరిత్ర కెక్కెను. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుఁడు జైమినిభారతము నాతనికే యంకిత మిచ్చెను. ఇందు గమనింపవలసిన దొక్కటి కలదు. వినోదమైనను బిరుదమైనను, రెంటను డేగ రాజునకు భూషణము. వినోదమునఁ బక్షి రాజుచేతిమీఁద వెలుఁగును. బిరుదమునఁ బక్షియే మాయమై దాని పేరు మాత్రము మిగులును. కూడు లేనిచో ఆ పక్షి యేమి చేయునన్న ప్రశ్న యీ రెండుచోట్లను బుట్టదు.

ఈ విద్యకు సమగ్రమైన సంస్కృతగ్రంథము కూర్మాచలరాజగు రుద్రదేవుని శ్యైనికశాస్త్రము. హరప్రసాదశాస్త్రి దీనిని 1910లోఁ గలకత్తాయందు ఆంగ్లానువాదముతోఁ బ్రకటించెను. ఏడు పరిచ్ఛేదముల యీ చిన్నగ్రంథమును గేవలము వేఁటపుస్తకమని త్రోసివేయుట తగదు. డేగలను నల్లకన్నులవి, పాటలవర్ణపుఁ గన్నులవి యని రెండుజాతులుగా విభజించుట యిందలి ప్రశస్తాంశము. బైరి మొదలగు పొడుగురెక్కల జాతికిని, జాలెడేగ మొదలగు పొట్టిరెక్కల జాతికిని నేఁటి పక్షిశాస్త్రము చెప్పు భేదము స్థూలముగా నిదియే. కంటిని జూచి జాతి నేర్పఱచుట చేతిపైఁ బక్షిని నిలిపి చూచినవానికిఁ గాని తోఁచునది కాదు. పోషణము, ఋతుచర్య, రోగచికిత్స మున్నగునవియు నిందు విచారింపఁబడినవి. అయినను గ్రంథారంభమున రాజవ్యసనములను జర్చించి, వేఁట దోషమా గుణమా యని వాదించుటచే గ్రంథకర్త రాజులనే శ్రోతలుగాఁ దలఁచెనని స్పష్టము. రాత్రులు మేలుకొని పక్షిని మాలిమి చేయువానికి శ్రమ యున్నట్లు తెలియును, మనస్సున్నట్లు తెలియదు. శాస్త్రము డేగను జక్కఁగా నెఱుఁగును, శిష్యు నెఱుఁగదు.

ఈ విద్యామర్మ మేమి? తెలియనివాఁడు డేగ ప్రేమచేఁ జేతికి వచ్చునని తలఁచును. కుక్క యట్లు వచ్చునేమో కాని డేగ రాదు. క్రొత్తడేగకుఁ గాళ్ల మెత్తని తోలుపట్టెలు కట్టుదురు. వెఱచి కొట్టుకొనకుండఁ గన్నులు మూయు చిన్నటోపిని బెట్టుదురు. తోలుతొడుగు వేసికొన్న చేతిపై దానిని గంటలకొలఁది మోయుదురు. మనుష్యు నెదుటఁ దల వంచి, ఆ చేతిమీఁదనే మాంసము తినుట దాని మొదటి విశ్వాసచిహ్నము. పిదపఁ గాలికిఁ బొడుగుత్రాడు కట్టి, తొలుత నడుగు దూరమునుండి, తరువాత పది యడుగుల దూరమునుండి, ఎఱ చూపి పిలుతురు. తుదకుఁ ద్రాడు విప్పుదురు. త్రాడు విప్పిననాఁడు దానిని మరలఁ దెచ్చునవి రెండే: దాని యాఁకలియు, ఆఁకలి యీ చేతిపైఁ దీఱునను దాని యనుభవమును.

అందుచేతనే నేర్చువాఁడు ప్రతిదినము డేగను త్రాసునం దిడి తూఁచును. కడుపు నిండిన డేగ చెట్టెక్కి మరల రాదు; మాడిన డేగ బలము చెడి చచ్చును. చిన్నజాతిడేగ కీ రెంటి నడుమ నెడము కొలఁది గ్రాములే. ఈ సూక్ష్మమును గ్రహించుటకు బలముకంటె నోర్పును, అధికారముకంటెఁ బరిశీలనమును వలయును. కోపించి కొట్టినచో డేగ తన తప్పును దెలిసికొనదు. కొట్టినవాఁడు శత్రువని మాత్రము తెలిసికొనును. నెలలకొలఁది కూడిన నమ్మకము క్షణములోఁ జెడును. కావున నీ విద్యలో నెక్కువ శిక్షణము పొందువాఁడు బాలుఁడే.

ఈ త్రాసు శిబికథను జ్ఞప్తికిఁ దెచ్చును. ఆంధ్రమహాభారతమున నారణ్యపర్వమందు నన్నయభట్టు చెప్పిన యీ కథలో నింద్రుఁడు డేగయై, అగ్ని పావురమై శిబిని బరీక్షింప వత్తురు. పావురము శరణు జొచ్చును. శిబి తన మాంసమును గోసి తూఁచి యిచ్చును. అది చాలకున్నఁ దానే త్రాసెక్కును. దీనిని శరణాగతరక్షణమునకు దృష్టాంతముగా మన పెద్దలు బోధించుచు వచ్చిరి. అది యుక్తమే. కాని యీ శ్యేనకపోతకథయందు వ్యాసభారతమున డేగ చేయు వాదమును మనము తగిన గౌరవముతో విన్నట్లు లేదు. ఇది నాకు విహితమైన యాహారమనియు, దీనిని దప్పించినచోఁ దానును దన యాలుబిడ్డలును జత్తుమనియు, ఒక ప్రాణిని గాచుటకై పెక్కుప్రాణులను జంపుట యెట్టి ధర్మమనియు, మఱియొక ధర్మమును బాధించునది ధర్మము కానేరదనియు డేగ వాదించును. ఇది క్రూరుని కేక కాదు. న్యాయస్థానమున నిలిచి చేయఁదగిన విజ్ఞాపనము.

రాజు మాటలతో నీ విజ్ఞాపనమును దీర్పలేకపోయెను, మాంసముతోఁ దీర్చెను. అనఁగా డేగయాఁకలి న్యాయమైనదని యంగీకరించెను. అంగీకరింపనిచోఁ దూఁకముతోఁ బనియేమి? పావురమునకుఁ బ్రాణము, డేగకు భోజనము, రెండును జెల్లింపవలసినవే. ఆ వెలను నడుమ నిలిచినవాఁడు తనయొడలినుండి యియ్యవలెను. ఇది కథాహృదయమని నా తలంపు. డేగ యింద్రుఁడే కదా, వాని యాఁకలి నటన కదా యని యాక్షేపింపవచ్చును. పరీక్షించువాఁడు మాయావి కావచ్చును, ప్రశ్న మాయ యైనచో నది పరీక్షయే కాదు. డేగను క్రూరునిగాఁ జూపు వ్యాఖ్య శిబినిఁ గూడఁ జిన్నబుచ్చును. క్రూరునకుఁ దల యొగ్గుట దౌర్బల్యము. న్యాయమైన ఋణమును దీర్చుట ధర్మము.

శిష్యుని కథకై మాత్రము మనము దేశాంతరమునకుఁ బోవలసియున్నది. బారీ హైన్స్ అను నాంగ్లనవలాకారుఁడు 1968లోఁ బ్రకటించిన ఎ కెస్ట్రెల్ ఫర్ ఎ నేవ్ అను నవల యార్క్‌షైరు బొగ్గుగనుల సీమలోనిది; 1969లో కెన్ లోచ్ దీనిని కెస్ అనుపేరఁ జలనచిత్రముగాఁ దీసెను. ఏ హోదావాని కే పక్షి తగునో చెప్పు 15వ శతాబ్దపుఁ బట్టికనుండి నవలకుఁ బేరు వచ్చినది: అందుఁ జక్రవర్తికి గరుడపక్షి, అందఱికంటెఁ దక్కువవానికిఁ గెస్ట్రెలను చిన్నడేగ. కథానాయకుఁడు బిల్లీ కాస్పర్ పదునైదేండ్ల బీదబాలుఁడు. అన్న గనిలోఁ బనిచేయును. బడిలో బిల్లి కాదరము లేదు. పాతగోడగూటినుండి డేగపిల్లను దెచ్చి, గ్రంథాలయమువారు పుస్తక మియ్యకపోఁగా దుకాణమునుండి దొంగిలించి చదివి, ఒంటరిగా విద్య నేర్చును. ఒకనాఁ డుపాధ్యాయుఁ డడుగఁగా, అంతవఱకు నోరు మెదపనివాఁడు తోలుపట్టెలనుండి త్రాడు విప్పుటవఱకు సర్వమును దరగతి కెఱిఁగించును. తుదకు, పందెమునఁ బెట్టుమని యిచ్చిన సొమ్మును దమ్ముఁడు ఖర్చుచేసినందుల కలిగి యన్న డేగను జంపును.

ఈ నవలయందలి డేగ స్వేచ్ఛకుఁ బ్రతీకయని చెప్పుట సులభము. కాని యా వ్యాఖ్య చాలదు. బిల్లి తన డేగను బెంపుడుజంతువనుట కొప్పుకొనఁడు. అది మాంసమునకై వచ్చుననియు, తన్ను లెక్కచేయదనియు వానికిఁ దెలియును. అట్లు తెలిసియు దానిని గౌరవించుటయే వాని సంస్కారము. తన్ను లెక్కచేయనిదానిని గౌరవింప నేర్చిన బాలుఁ డింకొకరిమీఁద నధికారము కోరఁడు. రాజగ్రంథములకుఁ జిక్కని సత్యము గనికార్మికుల యింటిబాలునికిఁ జిక్కినది. గనులును వనములును గల మన సీమలో నీవంటి కథ పుట్టుటకుఁ గావలసినదంతయు నున్నదని వేఱ చెప్ప నక్కఱలేదు.

అట్లయిన మన బాలుఁడును డేగపిల్లను దెచ్చి పెంపవలెనా? కూడదు. 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణచట్టముచే డేగలు రక్షితములు. వానిని బట్టుటయు బంధించుటయు నేరము. యునెస్కో 2010లో డేగవేఁటను మానవసంస్కృతిసంపదగా నంగీకరించినది; 2021 నాఁటికి 24 దేశములు దానిలోఁ జేరినవి; వానిలో భారతదేశము లేదు. చట్టము మంచిదే. ఒక బాలునికి విద్య వచ్చుటకై పది గూళ్లు పాడగుట సమ్మతింపరానిది. గూటినుండి జాఱిన పిల్ల దొరికిన నటవీశాఖవారి కప్పగించుట కర్తవ్యము. అయినను, నేఁటి బాలునికిఁ ద్రాడును టోపియు నిషిద్ధములైనను, ఓర్పును బరిశీలనమును నిషిద్ధములు కావు. ఏ చెట్టుపై డేగ ప్రొద్దున వ్రాలును, దినమున కెన్ని మారులు దాడి చేసి యెన్ని మారులు వట్టికాళ్లతో మరలును, పిల్లల కేమి తెచ్చును — దీనిని వ్రాసికొనువాఁడు త్రాసు లేకయే డేగయాఁకలిని దూఁచుచున్నాఁడు.

వానికి మాటలు కావలెను. ఇచ్చట సాహిత్యము ఋణపడియున్నది. నెల్లూరునఁ గొంతకాలము వైద్యుఁడుగా నున్న టి. సి. జెర్డన్ 1862-64 నడుమఁ బ్రకటించిన భారతపక్షిగ్రంథమున డేగల తెలుఁగుపేర్లను జేర్చి వ్రాసెను. ఆ పేళ్లు నేఁడు నిఘంటువులకు దిగిపోయినవి. వాడుకలో గోళ్లున్న ప్రతిపక్షియు గద్దయే. డేగ యనుమాట కోడిపందెములవా రెఱ్ఱని యీకల కోడికిఁ బెట్టుకొన్న పేరుగా మాత్రము సజీవముగా నున్నది. క్రీడాభిరామమునం దోరుగంటి కోడిపందెమును జదివి యానందించు మనకు, కోడికిఁ బే రెరువిచ్చిన పక్షియొక్క బ్రదుకును జదువు భాగ్యము కలుగలేదు.

సారాంశ మిది. రాజగ్రంథములు డేగను భూషణముగాఁ జేసినవి. శాస్త్రము దానిని జక్కఁగా వర్ణించినది. భారతకథ దాని ఋణమును గుర్తించినది. పరదేశనవల దాని శిష్యుని గనుఁగొన్నది. ఈ నాలుగింటిలోఁ గడపటిపని మన భాషలో మిగిలియున్నది. ఆ శిష్యుని కథను వ్రాయఁబూనువారు శిబికథను డేగవైపునుండి మఱల నొకమాఱు చదివి యారంభించిన మేలు. ఈ యభిప్రాయమునందలి గుణదోషములను విజ్ఞులు విచారింతురుగాక.