పటం ఎవరిది, పేరు ఎవరిది?
(జగదీశ్ మిట్టల్ కళాకృషిపై ఒక పరిశీలన)

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత తెలుగు సాహిత్య విమర్శను దళితులు గట్టిగానే నిలదీశారు. ఎవరి వస్తువు, ఎవరి భాష, ఎవరి సౌందర్యం అని అడిగారు. ఆ ప్రశ్నలు కళా విమర్శ దాకా తగినంతగా పోలేదు. బొమ్మ, శిల్పం, మ్యూజియం అనేసరికి అవి మనకు సంబంధించినవి కావనుకున్నాం. మార్కాపురం, గిద్దలూరు, కంభం నుంచి హైదరాబాదు బస్సెక్కే మన పిల్లలు పరీక్షల కోసం పోతారు, ఉద్యోగాల కోసం పోతారు, కూలికి పోతారు. మ్యూజియం చూడ్డానికి పోయేవాళ్లెంతమంది? అయితే మనం పోకపోయినా మన వస్తువులు మనకంటే ముందే అక్కడికి పోయాయి. వాటిని అక్కడికి చేర్చిన వాళ్ల కృషిని మెచ్చుకోవడమూ, తిట్టిపోయడమూ కాకుండా లెక్కగట్టి చూడాలన్నది మా ఉద్దేశం.

అందుకు జగదీశ్ మిట్టల్‌ను తీసుకుంటున్నాం. 1925లో పుట్టిన మిట్టల్ శాంతినికేతన్ కళాభవన్‌లో చదువుకున్న చిత్రకారుడు. 1950ల మొదట్లో భార్య కమలతో కలిసి హైదరాబాదులో స్థిరపడ్డారు. బదరీవిశాల్ పిత్తి నడిపిన ‘కల్పన’ హిందీ పత్రికకు కళా సంపాదకుడిగా పనిచేశారు. ఆంధ్ర రామాయణ చిత్రాల మీద 1969లో పుస్తకం తెచ్చారు. భార్యాభర్తలిద్దరూ ఏరి ఏరి సేకరించిన చిత్రాలు, బిద్రీ పనులు, వస్త్రాలు, పటాలతో 1976లో ట్రస్టు పెట్టి, తమ సేకరణను దానికి అప్పగించారు. 1990లో పద్మశ్రీ వచ్చింది. విమర్శకుడు, సేకర్త, మ్యూజియం నిర్వాహకుడు - మూడు పనులూ ఒక్క మనిషే చేశాడు. తెలుగు నేల మీద ఇంత పొడుగైన కళా జీవితం అరుదు.

ఆయన చేసిన మంచిని ముందే చెప్పాలి. కళంటే ఆస్థానంలో పుట్టిందీ, గుళ్లో చెక్కిందీ మాత్రమే అనుకునే రోజుల్లో ఊళ్లల్లో కథ చెప్పే పటాల్ని కళగా గుర్తించిన కొద్దిమందిలో ఆయనొకడు. చేర్యాల నకాషీలు గీసే పటాల మీద పట్నం చూపు పడడంలో మిట్టల్ దంపతుల పాత్ర పెద్దది. పద్మశాలీల కథ చెప్పే 1625 నాటి పటం వాళ్ల మ్యూజియంలో ఉంది. ఆ సేకరణలోని పటాల మీద ఆయన 2014లో పెద్ద పుస్తకమే వేశారు. పటాన్ని చూసి దాని కాలం, శైలి, రంగులు తేల్చగల కన్ను ఆయనది. ఆ కన్ను పని లేకుండా ఈ చరిత్ర మనకు దొరికేది కాదు.

మరి పేచీ ఎక్కడ? పటం అంటే బొమ్మ మాత్రమే కాదు. దానికి గీసేవాడు ఒకడు, విప్పి పాడేవాడు ఇంకొకడు, పాడించుకునే కులం మరొకటి. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. భూమి పుట్టకముందే ఆరు నెలల నాడు ఆది జాంబవుడు పుట్టాడని డక్కలి గొంతెత్తి చెప్పినప్పుడు అది వినోదం కాదు, వాదం. ‘మీ పురుషసూక్తంలో మాకు జాగా లేకపోతే పోయె, మీ భూమికంటే ముందు మేమున్నాం’ అని ఊరి చివర నిలబడి చేసిన వాదం. అందులో పటం సాక్ష్యంగా నిలబడుతుంది.

ఆ సాక్ష్యం గోడకెక్కితే ఏమవుతుంది? పేరు ‘దక్కనీ పటచిత్రం’ అవుతుంది. కొలతలొస్తాయి, శతాబ్దం వస్తుంది, గుడ్డ మీద రంగులు అని వస్తుంది. కులం ‘పోషకుల’ వరసలోకి పోతుంది. పాడిన డక్కలి ఎవరో, ఏ వాడల్లో విప్పాడో, విన్నవాళ్లు ఏమిచ్చారో, అగ్రకులాలు వింటే ఏమన్నాయో - ఇవి కళా చరిత్ర అడిగే ప్రశ్నలు కావట. 2007లో ఆయన తెచ్చిన పుస్తకం పేరుకు తెలుగు చెప్పుకోవాలంటే ‘కళాఖండాల ద్వారా ఉదాత్తానందం’. ఆనందం ఎవరిది? చూసేవాడిది. వాదం ఎవరిది? పాడేవాడిది. మొదటిది మ్యూజియంలో నిలిచింది, రెండోది జారిపోయింది. ఇది మిట్టల్ ఒక్కరి లోపం కాదు. ‘శ్రేష్ఠత’ను కొలబద్దగా పెట్టుకున్న కళా విమర్శ మొత్తం ఈ పనే చేసింది. కొలబద్ద ఎవరు చేశారని అడగలేదు.

‘ఆయన కొనకపోతే ఆ గుడ్డ చెదలపాలయ్యేది గదా’ అనే మాట వస్తుంది. నిజమే. చిరిగి పాతబడ్డ పటాన్ని చచ్చిన మనిషికి చేసినట్టు మర్యాద చేసి ఏట్లో కలిపే ఆచారం ఉంది. అయితే అక్కడ పటం పోయినా పాట పోదు. కొత్త పటం గీయిస్తారు, పాడేవాడు పాడతాడు. మ్యూజియంలో పటం నిలుస్తుంది, పాడేవాడి కొడుకు పాట మాని కూలికి పోతాడు. రెండూ దక్కాలంటే గుడ్డను దాచినంత శ్రద్ధగా మనిషినీ రాయాలి. మేం అడుగుతున్నది ఇంతే.

రాయకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. గుంటూరు నుంచి మార్కాపురం వచ్చే రైలు దారిలో దొనకొండ ఉంది. ఆ మండలంలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం ఉంది. అక్కడి బౌద్ధ స్తూపం 1964లో బయటపడింది, 1970లలో తవ్వకాలు జరిగాయి. అక్కడి శిల్పాల్లో కొన్ని దొంగతనంగా పోయాయి. అందులో ఒకటి, బుద్ధుణ్ణి కొలిచే భక్తుల శిల్పం, కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. న్యూయార్క్ వ్యాపారి నాన్సీ వీనర్ దగ్గర 2005లో 5,95,000 డాలర్లకు కొన్నారు. ఆ శిల్పం ఎప్పుడో భారతదేశం దాటిందని వ్యాపారి కాగితాలు చెప్పాయి. చందవరంలో ఉండగా తీసిన ఫొటో ఆ కాగితాల్ని అబద్ధం చేసింది. 2016లో ఆస్ట్రేలియా దాన్ని తిరిగిచ్చింది. దొంగసొత్తు కేసులో వీనర్ 2021లో న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. పెద్ద మ్యూజియంలో చదువుకున్న కళ్లన్నీ ఆ రాయి అందాన్ని చూశాయి, ఊరిని చూడలేదు. దాన్ని వెనక్కి తెచ్చింది సౌందర్యశాస్త్రం కాదు, ఫలానా రాయి ఫలానా ఊళ్లో ఉందని చెప్పే ఒక్క ఫొటో. 1956 అక్టోబరు 14న నాగపూరులో అంబేద్కర్ బౌద్ధం తీసుకున్నాక ఆ భక్తుల శిల్పం మనకు పురావస్తువు మాత్రమే కాదు, వారసత్వం. మరి చందవరం పేరు మన డిగ్రీ పుస్తకాల్లో ఎన్ని వాక్యాల్లో ఉంది?

జె.ఎన్.యు.లో కళా చరిత్ర చెప్పిన వై.ఎస్. అలోనే ఈ స్థితికి ఒక పేరు పెట్టారు. దాన్ని మనం ‘కాపాడుకునే అజ్ఞానం’ అనుకోవచ్చు. కులం గురించి తెలియక కాదు, తెలిస్తే తమ చదువు కదులుతుంది గనుక తెలియకుండా చూసుకోవడం. పశ్చిమ భారతపు బౌద్ధ గుహల మీద పనిచేసిన ఆయనే సవి సావర్కర్ వంటి దళిత చిత్రకారుల మీదా రాశారు. మిట్టల్ దగ్గర వస్తువును చదవడం నేర్చుకోవాలి. అలోనే దగ్గర ఆ చదువునే ప్రశ్నించడం నేర్చుకోవాలి. ఒకటి చాలదు.

పేరు పెట్టుకోవడం ఈ జిల్లాకు కొత్త కాదు. 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు మనోళ్లు చేసిన మొదటి పని కులం పేరును తలెత్తి చెప్పడం. అప్పటిదాకా తిట్టుగా వాడిన మాటను ఇంటిపేరులా పక్కన పెట్టుకున్నారు. ఆ పని మ్యూజియం చీటీ మీద ఇంకా జరగలేదు.

కోస్తా ఊళ్లలో పలక అంటే రెండున్నాయి. ఒకటి బడి పిల్లల పలక. మార్కాపురం గనుల్లో రాయి కోసి, చెక్కి దేశమంతా పంపారు. రెండోది మాదిగ వాయించే పలక, డప్పు. మొదటిదాని మీద లక్షలమంది అక్షరాలు దిద్దారు, కోసినవాడి పేరు ఎక్కడా లేదు. రెండోది రేపు అద్దాల పెట్టెలోకి పోతే ‘జానపద వాయిద్యం, తోలు, చెక్క’ అని రాస్తారు. తోలు ఊనినదెవరు, మూత బిగించినదెవరు, సాపు చేయడానికి మంట దగ్గర కూర్చున్నదెవరు అని రాయరు.

కాబట్టి టీచర్లకూ విద్యార్థులకూ ఒక పని చెబుతున్నాం. మీ ఊళ్లో పలక చేసేవాళ్లు, పటం విప్పేవాళ్లు, రాయి కోసేవాళ్లు బతికుండగానే వాళ్ల ఒప్పుదలతో పేరు, ఊరు, కులం, నేర్పినవాళ్ల పేరు రాసిపెట్టండి. వస్తువు ఫొటో తీస్తే పక్కన మనిషిని నిలబెట్టి తీయండి, తారీఖు వేయండి. మిట్టల్ సొంత డబ్బుతో, సొంత కన్నుతో మ్యూజియం కట్టారు. మనకు అంత డబ్బు లేదు. నోటుపుస్తకం ఉంది, బడి గడప తొక్కిన మొదటి తరం చదువు ఉంది. కళా విమర్శ మన దగ్గర ఈ నోటుపుస్తకంతోనే మొదలవ్వాలి.