నల్ల మైనంగుడ్డ మీద పిరోస్మానీ

ఎవరి దగ్గరా నేర్చుకోని చిత్రకారుడి గురించి రాయవలసి వస్తే విమర్శకుల చేతికి వెంటనే ఒక మాట దొరుకుతుంది: సహజాతం. పక్షి గూడు కట్టినట్టు ఆయన బొమ్మలు వేశాడంటారు. పైకి పొగడ్తే. కాని ఆ ఒక్క మాటతో ఆయన శ్రమ అంతా మాయమైపోతుంది. కళాశాలకు వెళ్లినవాడికి పద్ధతి, వెళ్లనివాడికి ప్రేరణ అనే ఈ పంపకం వర్గ సమాజం చేసిపెట్టిందేనని నా అభిప్రాయం. జార్జియా చిత్రకారుడు నికో పిరోస్మానీ విషయంలో ఈ పంపకం ఎంత అన్యాయమో బాగా తెలుస్తుంది.

1862లో కఖేతీ ప్రాంతంలోని మీర్జానీ గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. టిఫ్లిస్‌లో, అంటే నేటి టిబిలీసీలో, ఒక కలిగిన ఇంటి పంచన పెరిగాడు. స్నేహితుడితో కలిసి బోర్డులు రాసే దుకాణం పెడితే సాగలేదు. 1890లో రైల్వేలో చేరి కొన్నేళ్లు చేశాడు. పాల వ్యాపారం పెట్టాడు, అదీ నిలవలేదు. ఆ తరువాతి జీవితమంతా దుఖాన్ల చుట్టూనే. దుఖాన్ అంటే ద్రాక్షసారా, భోజనం అమ్మే చోటు. మన దుకాణమూ ఆ దుఖానూ ఒకే అరబ్బీ మాట బిడ్డలు. తెలంగాణలో కల్లు దుకాణం ఎరిగిన పాఠకుడికి అక్కడి వాతావరణం నేను వర్ణించనక్కర్లేదు. యజమాని బోర్డు రాయమనేవాడు, గోడకు బొమ్మ కావాలనేవాడు. కూలి కింద తిండి, సారా, కొద్దిపాటి డబ్బు.

ఆయన ఎక్కువగా బొమ్మలు వేసింది నల్లటి మైనంగుడ్డ మీద. అసలు విషయం ఇక్కడే ఉంది. తెల్ల కాన్వాసు మీద వేసేవాడు చీకటిని తెచ్చి పెట్టుకోవాలి. పిరోస్మానీకి చీకటి ముందే సిద్ధంగా ఉంది. తలవెంట్రుకలు, బూట్లు, రాత్రి వేళ కొండ - నలుపు కావలసిన చోట గుడ్డను అలాగే వదిలేశాడు. వెలుగు పడవలసిన చోట మాత్రమే కుంచె ఆనించాడు. దీనివల్ల రంగు మిగిలింది, పొద్దు మిగిలింది. అంతకన్నా ముఖ్యంగా, మనుషులూ జంతువులూ లోపలి నుంచి వెలుగుతున్నట్టు కనిపించే ఆ గుణం వచ్చింది. కళాశాలలో చదివినవాళ్లు చూసి ఆశ్చర్యపోయిన ఈ శిల్పం పేదరికానికీ వృత్తి నేర్పుకూ మధ్య జరిగిన బేరంలో పుట్టింది. నేను దీన్ని సహజాతం అనను, ఆలోచన అంటాను. మన ఊళ్లలో షట్టర్ల మీద గీతలు గీసుకోకుండానే అక్షరాలు దింపేసే ఆర్టిస్టును చూసినవాళ్లకు ఆ చెయ్యి ఎన్ని వందల బోర్డుల తరువాత తిరిగిందో తెలుసు.

అయితే వృత్తి ఒక్కదానితో అంతా తేలిపోదు. ఆయన వేసిన జిరాఫీని చూడండి. జంతుశాస్త్రం ఒప్పుకునే జిరాఫీ కాదది. ఆ కళ్లు మాత్రం నేరుగా మనల్నే చూస్తాయి, ఏదో అడుగుతున్నట్టు. ఎర్ర చొక్కా జాలరీ అలాగే నిలబడతాడు, చేతిలో చేప పట్టుకుని, ఫొటో తీయించుకుంటున్నంత బుద్ధిగా. ఈ ఎదురుచూపు ఎవరు నేర్పితే వచ్చింది? దీన్ని సహజాతం అనేవాళ్లతో నాకు పేచీ లేదు. బొమ్మ మొత్తాన్నీ దాని ఖాతాలో రాసేయడం దగ్గరే పేచీ.

ఇంకొక ప్రమాదం మన వైపు నుంచి కూడా ఉంది. సంతానం లేని కోటీశ్వరుణ్ణీ, పిల్లలున్న పేదరాలినీ పక్కపక్కన పెట్టి ఆయన ఒక బొమ్మ వేశాడు. దాన్ని చూపి పిరోస్మానీని వర్గపోరాట చిత్రకారుణ్ణి చేయాలని మనకు బుద్ధి పుడుతుంది. ఆ బొమ్మలో ఆగ్రహం లేదు. జాలి ఉంది, అదీ ఇద్దరి మీదా. విందులో కూర్చున్న రాకుమారులకు ఎంత గౌరవం ఇచ్చాడో వీధి కాపలావాడికీ అంతే ఇచ్చాడు. ఇది ఆయన పరిమితి. ఆయన బలం కూడా ఇందులోనే ఉందని ఒప్పుకోక తప్పదు.

1912లో ఇల్యా, కిరిల్ జ్దానెవిచ్ సోదరులూ, మిహాయిల్ ల దాంత్యూ అనే యువ చిత్రకారుడూ దుఖాన్లలో ఈ బొమ్మలు చూశారు. 1913లో మాస్కోలో లారియోనోవ్ బృందం పెట్టిన ప్రదర్శనలో కొన్నిటిని ఉంచారు. పేరొచ్చింది గాని పొట్ట నిండలేదు. 1916లో జార్జియా కళాకారుల సంఘం ఆయన్ని సమావేశానికి పిలిచింది. కొద్ది రోజులకే ఒక పత్రికలో వ్యంగ్యచిత్రం: నువ్వింకా చదువుకోవాలి, పదీ ఇరవయ్యేళ్లకు పనికొస్తావు, అప్పుడు యువ కళాకారుల ప్రదర్శనకు పంపుతాం అని. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. సహజాతం అని మురిసిపోయినవాళ్లూ, చదువు లేదని వెక్కిరించినవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆయన చేతికి పని తెలుసని ఆ ఇద్దరికీ తోచలేదు. దుఖాను యజమానికి తెలుసు. తెలియకపోతే అన్నం పెట్టి బొమ్మ వేయించుకునేవాడు కాదు.

ఆ తరువాత ఆయన ఆ సంఘానికి దూరమయ్యాడు. 1918 ఏప్రిల్‌లో బీదరికంలో చనిపోయాడు. ఎక్కడ పాతిపెట్టారో ఎవరికీ తెలియదు. దుఖాన్ల గోడల మీద వేసినవి చాలావరకు పోయాయి. దాదాపు రెండు వందల బొమ్మలు మిగిలాయి, ఎక్కువ భాగం జార్జియాలోనే ఉన్నాయి.