మోటారు తోడైన సైకిలు: వెనుక చక్రపు బలము ఎందున్నది?

సైకిలుకు విద్యుత్ మోటారు తగిలించినపుడు కొనువాడు అడుగు ప్రశ్నలు రెండే. ఎంత వేగముగా పోవును? బ్యాటరీ ఒకసారి నింపినచో ఎంత దూరము పోవును? మన మోటారు వాహనముల నిబంధనలును ఈ త్రోవనే నడచినవి. మోటారు సామర్థ్యము 0.25 కిలోవాటుకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును లోబడినచో అట్టి బండిని మోటారు వాహనముగా ఎంచరు. ఈ నిర్వచనములో వెనుక చక్రపు మాట లేదు. కాని పుల్లలు తెగి చక్రము వంగినచో మోటారు ఎంత మేలైనదైనను బండి కదలదు.

చక్రమును గురించి శాస్త్రీయముగా ఆలోచింపదలచినవారికి ముఖ్యమైన గ్రంథము జాబ్స్ట్ బ్రాంట్ రచించిన ‘ది బైసికిల్ వీల్’. ఇది 1981లో అమెరికాలో వెలువడినది. 2015లో మరణించిన బ్రాంట్ వృత్తిచే యింజనీరు. ఈ గ్రంథము చెప్పినది ఎంతవరకు నిజము? మోటారు చక్రమునకు అది ఎంతవరకు చాలును? ఈ రెండును విడివిడిగా విచారింపవలసిన ప్రశ్నలు.

బ్రాంట్ ప్రధాన వాదము విన్నవెంటనే వింతగా తోచును. సైకిలు చక్రపు హబ్బు పై పుల్లల నుండి వ్రేలాడుట లేదు, క్రింది పుల్లల మీద నిలుచున్నది అని ఆయన అనెను. సన్నని తీగ బరువు మోయుట ఎట్లు? ఎడ్లబండి చక్రమును తలచుకొన్నచో ఇది కొంత సులువగును. బండిచక్రపు ఆకులు కొయ్యవి, లావైనవి. అవి నొక్కుడును భరించును. ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి చక్రమునకు తొడిగి నీళ్లు పోసినపుడు ఆ పట్టా కుంచించుకొని ఆకులనన్నిటిని ముందుగనే నొక్కిపెట్టును. సైకిలు చక్రములో దీనికి తలక్రిందుగా జరుగును. ఇచట పుల్లలను ముందుగనే లాగి బిగింతురు. 100 కిలోల బిగువుతో నున్న పుల్ల మీద 20 కిలోల భారము పడినచో దాని బిగువు 80కి తగ్గును. బిగువు తగ్గుటయే ఇచట బరువు మోయుట. పుల్ల పూర్తిగా వదులు కానంతవరకు అది కొయ్య ఆకువలెనే పనిచేయును.

కొందరు దీనిని మాటల గారడి యనిరి. పుల్లలన్నియు లాగుడులోనే యున్నపుడు హబ్బు పైనుండి వ్రేలాడుచున్నదని ఏల అనరాదు అని వారి ప్రశ్న. ఈ తగవును తీర్చుటకు ప్రయోగశాల అక్కరలేదు. పాఠశాల ఆవరణలోనున్న సైకిలు చాలును. వెనుక చక్రపు పుల్లలను వ్రేలితో మీటి ధ్వనిని వినవలెను. పిమ్మట ఒక విద్యార్థిని సీటు మీద కూర్చుండబెట్టి మరల మీటవలెను. నేలకు దగ్గరనున్న మూడు నాలుగు పుల్లల ధ్వని మందగించును. పైనున్న వాని ధ్వనిలో మార్పు కానరాదు. తీగ కంపనసంఖ్య బిగువు వర్గమూలమును బట్టి మారునని పదవ తరగతి దాటిన విద్యార్థి గ్రహింపగలడు. మార్పు క్రిందనే జరుగుచున్నది గనుక బ్రాంట్ పక్షమే న్యాయము.

ఈ సిద్ధాంతము ఎంత పనికివచ్చునో ఒక లెక్క చెప్పును. శంషాబాదు విమానాశ్రయమునకు చేరువలో, బాలాపూర్ మండలమున నున్న జల్‌పల్లి నుండి ఒకడు మోటారు సైకిలు కాక, మోటారు తోడైన సైకిలు మీద రోజుకు 20 కిలోమీటర్లు పనికి పోయి వచ్చుననుకొందము. మనిషి 65, సరుకు 25, బండి 25, మొత్తము 115 కిలోలు. అందు వెనుక చక్రము మీద సుమారు 75 కిలోలు పడును. నలుగు పుల్లలు పంచుకొన్నచో ఒక్కొక్క దాని వంతు 19 కిలోలు. గతుకులో భారము మూడింతలైనచో 56 కిలోలు. పుల్ల బిగువు 100 కిలోలున్నచో ఇంకను 44 మిగులును. బిగువు 40 మాత్రమే యున్నచో పుల్ల పూర్తిగా సడలి, మరుక్షణమున గుంజుకొనును. సడలిన ప్రతిసారి నిప్పిల్ కొంచెము కొంచెము తిరిగి ఊడును. హబ్బు కడనున్న వంపు ఆడి ఆడి తెగును. చక్రము చుట్టుకొలత 2.1 మీటర్లైనచో ఏడాదికి 300 దినములలో అది 28 లక్షలకు పైగా తిరుగును. బలహీనమైన వంపు తెగుటకు ఈ తిరుగుళ్లు చాలును.

ఇక మోటారు సంగతి. మోటారు గుంజుడుకే పుల్లలు తెగునని పలువురి నమ్మకము. హబ్బు మోటారు 40 న్యూటన్-మీటర్ల మరలుబలము ఇచ్చిననుకొన్నను, దాని అంచు వ్యాసార్ధము 10 సెంటీమీటర్లు గనుక అంచుకడ పడు బలము 400 న్యూటన్లు. 36 పుల్లలకు పంచినచో తలకు 11 న్యూటన్లు, అనగా కిలో బరువుకు కొంచెము ఎక్కువ. 100 కిలోల బిగువు ముందు ఇది లెక్కలోనిది కాదు. పుల్లకు శత్రువు మోటారు శక్తి కాదు. మోటారు బరువు, అది కూర్చున్న చోటు. స్ప్రింగు లేని బండిలో నాలుగైదు కిలోల ఇనుము చక్రపు నడుమ నుండుటచే ప్రతి గతుకును రిమ్మును మరింత నలగగొట్టును.

ఈ నమ్మకమునుండియే లావు పుల్లల మోజు పుట్టినది. సాధారణపు పుల్ల 14 నంబరు, అనగా 2 మిల్లీమీటర్ల మందము. మోటారు చక్రమునకు 12 నంబరువి, 2.6 మిల్లీమీటర్లవి వేయుట కలదు. 300 మిల్లీమీటర్ల పొడవుగల 2 మిల్లీమీటర్ల పుల్ల 100 కిలోల బిగువున 0.47 మిల్లీమీటరు సాగును. అదే పొడవు 2.6 మిల్లీమీటర్లది 0.28 మాత్రమే సాగును. మోటారు హబ్బు పెద్దది గనుక పుల్ల 180 మిల్లీమీటర్లకు కురుచయగును, సాగుడు 0.17కి దిగును. రిమ్ము ఆ కొంచెము లోనికి నొక్కుకొన్నచో పుల్ల సడలినట్లే. లావు పుల్లను దానికి తగినట్లు బిగింతమన్న రిమ్ము రంధ్రముల కడ పగులును. కావున బలమునకై కొన్న లావే బలహీనతకు మూలమగుచున్నది. వంపు కడ 2.3, తక్కిన పొడవున 2 మిల్లీమీటర్లుండు పుల్ల దీనికంటె మేలు.

బ్రాంట్ గ్రంథములోని కొరతయు ఇచటనే బయటపడును. సన్నని పుల్లల మేలు ఆయన చక్కగా చెప్పెను. చక్రము కట్టిన పిమ్మట పుల్లలను జంటలుగా చేతబట్టి గట్టిగా పిసికినచో వంపులలో దాగిన ఒత్తిడి తీరునని చూపెను; ఖర్చు లేని ఈ పని ప్రతి మేస్త్రియు చేయదగినది. కాని ఆయన దృష్టిలోనున్నవి చిన్న హబ్బుగల తేలిక చక్రములు. అట్లు పిసికినపుడు చక్రము బెండు తిరుగునంతవరకు బిగించి, పిదప కొంచెము వదలుమని ఆయన చెప్పిన పరీక్షను కురుచ లావు పుల్లల చక్రమునకు పెట్టరాదు. బెండు కనబడక మునుపే రిమ్ము చెడవచ్చును. పెద్ద హబ్బుకు పాత అలవాటున మూడు అడ్డములు వేసినచో పుల్ల నిప్పిల్ కడ విరుగుడుగా వంగును; ఒక అడ్డమే చాలును. ఈ సంగతికి ఆయన గ్రంథము ఆధారము కాజాలదు.

అయినను మూలసూత్రము చెడలేదు. చక్రము బలము ఇనుము లావులో లేదు, అన్నిటికి సమమైన బిగువులో నున్నది. ఆ బిగువును తెచ్చునది కంపెనీ ముద్ర కాదు, కట్టినవాని చేయి. కొత్త బండి కొన్నవాడు మొదటి నెలలోనే పుల్లలను మీటి చూచి, ఒకే ప్రక్కవి ఒకే తీరున పలుకని యెడల మేస్త్రి కడకు పోవలెను. ఆ కొద్దిపాటి ఖర్చు దినకూలితో బ్రతుకువానికి నడిత్రోవలో పోవు పనిదినమును నిలుపును.