మాలపిల్లకి పేరుంది

తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్లంతా 'మాలపిల్ల' (1938) దగ్గర ఆగి ఓ దండం పెట్టి పోతుంటారు. తీసింది గూడవల్లి రామబ్రహ్మం. కథ చలంది, మాటలు తాపీ ధర్మారావువి. సనాతనుడైన సుందరరామశాస్త్రి కొడుకు నాగరాజు, మాలపల్లె పిల్ల శంపాలత ప్రేమించుకుంటారు. తిరువాన్కూరులో ఆలయప్రవేశ ప్రకటన వచ్చిన రెండేళ్లకే ఇలాంటి కథ చెప్పడం సాహసమే, కాదనం. మన ప్రశ్న వేరు. ఆ పిల్లకి శంపాలత అని పేరుండగా సినిమా పేరులో కులమే ఎందుకు మిగిలింది?

కోటబొమ్మాళిలో కూర్చుని అడిగితే ఈ ప్రశ్న మరింత మనదవుతుంది. ధర్మారావు చదువుకున్నది మనకి దగ్గర్లోని పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి దగ్గర. ఈ ప్రాంతంలో పుట్టిన వాడుకభాష ఉద్యమమే ఆ సినిమాకి జనం నోటి మాటనిచ్చింది. మాటయితే వచ్చింది గానీ, ఆ మాటతో 'నాకేం కావాలి' అని శంపాలత తేల్చుకునే చోటు ఇరుకైపోయింది.

చలమే 1927లో 'మైదానం' రాశాడు. భర్తనొదిలి అమీర్‌తో వెళ్లిన రాజేశ్వరి అందులో తన కథ తానే చెప్తుంది. తప్పో ఒప్పో, ఆమె కోరిక ఆమెదే. బ్రాహ్మణ స్త్రీకి దొరికిన ఆ 'నేను' శంపాలతకి దొరకలేదు. నవల వేరు, పదిమంది కలిసి తీసే సినిమా వేరు అనొచ్చు. నిజమే. అయితే ముగింపు చూడండి. ప్రేమికులు కలకత్తా వెళ్లిపోతారు, అక్కడ ఆమె చదువుకుంటుంది. ఇక్కడ శాస్త్రి భార్య మంటల్లో చిక్కుకుంటే దళితుడు కాపాడతాడు. అప్పుడుగానీ శాస్త్రి మనసు కరగదు. అంటే దళిత పిల్ల ప్రేమ దానంతటది చెల్లలేదు. ఆమె చదువు, ఆమె వాళ్ల త్యాగం చూపిస్తేనే చెల్లింది. నాగరాజుని మాత్రం నీ అర్హతేంటని ఎవరూ అడగలేదు!

పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడోళ్ల చేతులు జీడిరసానికి కాలిపోతాయి. ఆ కూలి ఎవరి చేతిలో పడుతుందన్నది కూడా ప్రేమ ప్రశ్నే. సొంత సంపాదన, వెళ్లడానికీ కాదనుకుంటే తిరిగి రావడానికీ దారి ఉంటేనే ప్రేమ ఆడపిల్ల సొంత నిర్ణయమవుతుంది. లేకపోతే ఎంత మంచివాడు చెయ్యందించినా అది అతని సంస్కరణ కిందే జమ.

2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది. దళిత స్త్రీలు రాసిన రచనలన్నీ ఒకచోట చేరాయి. శంపాలతకి దక్కని 'నేను' పుస్తకమై కనబడడానికి 65 ఏళ్లు పట్టింది. 'మాలపిల్ల'ని ఇప్పుడు ఆ పుస్తకం పక్కన పెట్టుకునే చూడాలి.