ఏడు దేశాలు, పది రోజులు: ఒక కరపత్ర విమర్శ

కథలకు విమర్శకులున్నారు, నవలలకున్నారు, సినిమాలకైతే వీధికొకరున్నారు. కానీ ఇవాళ మన ఇళ్ళలో ఇంటిల్లిపాదీ కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివే రచన ఒకటుంది. దాన్ని మాత్రం ఏ విమర్శకుడూ ముట్టుకోడు. అదే టూరు కంపెనీవారి కరపత్రం. రంగుల బొమ్మలతో నాలుగే పేజీలు. అది చదివి కింద సంతకం పెడితే దాచుకున్న సొమ్ము లక్షల్లో కరిగిపోతుంది. ఇంత ఖరీదైన సాహిత్యం తెలుగునాట మరొకటి లేదు. అలాంటప్పుడు దానికో సమీక్ష ఉండొద్దా చెప్పండి?

నా ముందున్నది యూరోపు యాత్ర కరపత్రం. ఏడు దేశాలు, పది రోజులు. కంపెనీ పేరు మనకనవసరం. ఇలాంటివి ఏ నాలుగు తెచ్చి పక్కపక్కన పెట్టినా ఒకే చెయ్యి రాసినట్టుంటాయి. ఈ రచనకు నాయకుడు లేడు, నాయిక లేదు. ఉన్నదల్లా బస్సు. పారిస్ నగరానికి ఇందులో దక్కింది ఒకటిన్నర రోజు. పొద్దున్న ఫలహారం అయ్యాక నగర వీక్షణం. కాంకార్డ్ కూడలి, షాంజెలీజే వీధి, విజయ తోరణం అన్నీ బస్సు కిటికీలోంచే. ఆ తర్వాత ఐఫిల్ టవర్ రెండో అంతస్తు. సాయంత్రం సేన్ నదిలో పడవ. రాత్రి భారతీయ భోజనం. మర్నాడు పొద్దున్న వెర్సాయ్ రాజభవనం, మధ్యాహ్నం బెల్జియం దారి.

ఇందులో మాటలకు వేరే నిఘంటువు కావాలి. ‘సందర్శన’ అంటే లోపలికి వెళ్ళడం. ‘ఫోటో స్టాప్’ అంటే దిగి, బొమ్మ తీయించుకుని, పక్కావిడ దిగేలోపల మనం ఎక్కడం. ‘డ్రైవ్ పాస్ట్’ అంటే మెడ ఒకసారి అటు తిప్పడం. ‘పనోరమిక్ టూర్’ అని పెద్ద అక్షరాల్లో ఉంటే ఆ పూటంతా మెడ తిప్పడమేనని అర్థం. ఇక ఆడవాళ్ళను ప్రత్యేకంగా తలుచుకున్న చోటు నాలుగు పేజీల్లోనూ ఒక్కటే ఉంది: షాపింగుకు రెండు గంటల ఖాళీ.

అన్యాయంగా మాట్లాడకూడదు. కరపత్రం వల్ల మేలూ ఉంది. భాష రాని చోట, తిండి దొరుకుతుందో లేదో తెలియని చోట, చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి ఉండడం చిన్న విషయం కాదు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో వరసగా పది రోజులు ఇంకొకరు వండి పెట్టగా తిన్న ఇల్లాలు మనలో ఎంతమంది? ఆ సుఖం కోసమే డబ్బు కట్టినా నేను తప్పు పట్టను. నా ఫిర్యాదల్లా రచన మీద.

ప్రయాణం గురించి ఎలా రాయాలో తెలియక కాదు కదా మనకు! ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ చూసి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. తిరుగు దారిలో జగన్నాథం సేవించుకుని, గంజాం మీదుగా మా ఇచ్ఛాపురం, శ్రీకాకుళం దారినే దక్షిణానికి వెళ్ళారు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. అది తెరిచి చూడండి. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది, ఏ ఏరు ఎలా దాటాలి, ఇవన్నీ విసుగు లేకుండా రాసుకున్నారు. తన వెనక రాబోయేవాడి కాళ్ళ గురించి, దాహం గురించి ఆలోచించిన రచన అది. గుళ్ళూ గోపురాలూ ఎటూ ఉన్నాయి. నా మాట నమ్మండి, ఆ చేత్తో పారిస్ కరపత్రం రాసి ఉంటే మొదటి పేజీలోనే నీళ్ళ సంగతి వచ్చేది. ఆ ఊరి వీధుల్లో ముదురాకుపచ్చ రంగు ఇనప ఫౌంటెన్లున్నాయి. రిచర్డ్ వాలెస్ అనే దొర 1872లో పెట్టించడం మొదలెట్టాడు. నలుగురు స్త్రీమూర్తులు తల మీద చిన్న గోపురాన్ని మోస్తూ ఉంటారు, మధ్యలోంచి తాగే నీళ్ళు సన్నటి ధారగా పడతాయి. డబ్బివ్వక్కర్లేదు, సీసా పట్టుకుంటే చాలు. చలికాలంలో మాత్రం కట్టేస్తారు. కరపత్రంలో ఈ నలుగురమ్మలకూ చోటు లేదు.

ఆడవాళ్ళు రాయలేదా అంటే, రాశారు. పోతం జానకమ్మ రాఘవయ్య 1873లో చెన్నపట్నంలో ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళొచ్చింది. తెలుగులో రాసుకున్న తన అనుభవాలను తనే ఇంగ్లీషులో పెట్టి, 1876లో ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ అని పుస్తకం వేయించింది. సముద్రం దాటితే కులం పోతుందన్న రోజులవి. నూట యాభై ఏళ్ళ కిందటే ఒక తెలుగు స్త్రీ చూడడమే కాదు, చూసింది రాసి అచ్చేయించింది కూడా. మరి ఇవాళ కరపత్రానికి మనం కొనుగోలు సంచులుగానే ఎందుకు కనిపిస్తున్నామో!

ఈ విమర్శ ఇంత దూరం రావడానికి కారణం మా వదిన. కంచిలి దగ్గర జలంత్రకోటలో ఉంటుంది. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరైంది. ఏటా తొమ్మిదో తరగతికి ఫ్రెంచి విప్లవం చెప్పేది. ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ ‘ఒక్కసారి ఆ ఊరు చూడాల’ అనుకునేదట. రిటైరయ్యాక వెళ్దామనుకుంటే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి తోట ఉన్నవాళ్ళకు ఆ మాట చాలు, నేను వివరించక్కర్లేదు. పడిపోయిన చెట్ల చోట మళ్ళీ మొక్క నాటి, అది కాపుకొచ్చేదాకా ప్రయాణం ఊసెత్తలేదు. ఇప్పుడు ఇంకో ఇద్దరు రిటైరైన టీచరమ్మలతో కలిసి వెళ్ళాలని ఆమె కోరిక. కొడుకు తెచ్చిచ్చిన కరపత్రం ఆసాంతం చదివి, వెర్సాయ్ పేజీ దగ్గర వేలు పెట్టి నన్నడిగింది:

“ఏటే ఇది? వెర్సాయ్ అని రాసి, ఆడోళ్ళ ఊసే ఎత్తలేదేటి?”

నిజమే. కరపత్రంలో వెర్సాయ్ అంటే అద్దాల మందిరం, 357 అద్దాలు, తోటలు, ఫౌంటెన్లు. మా వదినకు వెర్సాయ్ అంటే 1789 అక్టోబరు 5. రొట్టె దొరక్క, దొరికినా కొనలేక, పారిస్ బజారుల్లో చేపలూ కూరలూ అమ్ముకునే ఆడవాళ్ళు వేలమంది కూడి వానలో తడుస్తూ ఇంచుమించు ఇరవై కిలోమీటర్లు నడిచి రాజు గుమ్మం ముందు నిలబడ్డ రోజు. పిల్లలకు తిండేదని అడిగిన రోజు. మర్నాడు రాజునూ రాణినీ పిల్లవాణ్ణీ బండెక్కించి పారిస్ తీసుకొచ్చేశారు. రొట్టెలవాడినీ, రొట్టెలవాడి పెళ్ళాన్నీ, రొట్టెలవాడి కొడుకునీ తెస్తున్నామని దారి పొడవునా కేకలేశారట. ఆ వెళ్ళిన రాజు మళ్ళీ వెర్సాయ్‌లో కాపురం చెయ్యలేదు. అద్దాలు లెక్కపెట్టిన కరపత్రకారుడు ఈ ఆడవాళ్ళను లెక్కపెట్టలేదు.

ఈ పాఠం వదిన ఎప్పుడూ ఒంటరిగా చెప్పలేదు. పక్కనే ఇంకో కథ చెప్పేది. మందస జమీందారీలో అడవి కలప మీద రైతులకూ జమీందారుకూ తగువు ముదిరి, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపితే, ఎదురు నిలిచి ప్రాణం పోగొట్టుకున్న సాసుమాను గున్నమ్మ కథ. ఆ ఊరిని ఇప్పుడు వీరగున్నమ్మపురం అంటారు. మా పిల్లలకు వెర్సాయ్ ఎక్కడో తెలియదు, గున్నమ్మ ఊరు తెలుసు. కట్టెలడిగిన ఆడదాని కథ విన్న పిల్లలకు రొట్టె అడిగిన ఆడదాని కథ వేరే చెప్పక్కర్లేదని వదిన అంటుంది. రెండూ ఒకటే అని చరిత్రకారులు ఒప్పుకుంటారో లేదో! ఒకచోట కదిలినవాళ్ళు రాజు మకాం మార్చారు, ఇంకోచోట తూటాలు తగిలాయి. కానీ తొమ్మిదో తరగతి గదిలో ఆ పోలిక పనిచేసింది.

ఇప్పుడు చెప్పండి, అలాంటి పాఠకురాలికి ఈ కరపత్రం ఏం చెప్పగలదు? ఊరు ఎవరికైనా ఒకటే అన్నట్టు రాయడం దాని పెద్ద లోపం. వంట బాగా వచ్చిన మనిషి పారిస్‌లో సంత చూడాలనుకుంటుంది. కుట్టుపని వచ్చినామె బట్టల దుకాణం అద్దం ముందు అరగంట నిలబడుతుంది, కొనక్కర్లేదు. బొమ్మలు వేసే పిల్ల మ్యూజియంలోంచి బయటకు రానంటుంది. అందరినీ ఒకే బస్సులో కూర్చోబెట్టి ఒకే కిటికీ చూపిస్తే, వచ్చేది ప్రయాణం కాదు, ఊరేగింపు.

అంచేత కరపత్రాన్ని పక్కన పెట్టి, వదినా నేనూ కలిసి మూడు రోజుల పారిస్‌కు మరో ప్రతి రాశాం. కాగితాల పని ముందుగా. షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పదిహేను రోజులకంటే తక్కువ గడువుంటే కుదరదు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా చేయించాలి. వేలిముద్రలు ఇవ్వాలి. పలాసలో రైలెక్కి పెద్ద ఊరికి పోవాల్సిన పని ఇదొకటి ఉంది.

మొదటి రోజు బాస్టీల్. ఇక్కడ ఒక చిక్కుంది. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన ఆ కోట అక్కడ లేదు! 1789 జూలై 14న ముట్టడించాక రాయి రాయీ ఊడదీసేశారు. కూడలి మధ్యన నిలబడ్డ స్తంభం 1830 నాటి ఇంకో తిరుగుబాటుది. కరపత్రాలు ఈ కూడలిని వదిలేయడానికి కారణం ఇదే కావచ్చు, లేనిదాని ముందు ఫోటో ఎలా దిగుతారు? కానీ నేల మీద కోట గోడల హద్దులు రాళ్ళతో గుర్తుపెట్టి ఉన్నాయి. 1899లో మెట్రో తవ్వకాల్లో బయటపడ్డ ఒక బురుజు పునాదిని ఎత్తి, దగ్గర్లో నది పక్క చిన్న పార్కులో పెట్టారు. అక్కణ్ణుంచి కాస్త దూరంలో కార్నావాలే మ్యూజియం. అది పారిస్ చరిత్రకే ప్రత్యేకం, శాశ్వత ప్రదర్శనకు టిక్కెట్టు లేదు, సోమవారం సెలవు. కోటను పడగొట్టే కాంట్రాక్టు చేసిన పాల్వా అనే ఆయన ఆ రాళ్ళతోనే బాస్టీల్ నమూనాలు చెక్కించి దేశమంతా పంపాడు. అలాంటిదొకటి అక్కడుంది. విప్లవంలో కూడా వ్యాపారం తెలిసినవాడు!

రెండో రోజు వెర్సాయ్. రైల్లో గంటలోపే. ఆ భవనానికి సోమవారం సెలవు. లెక్క వేసి చూస్తే ఆ ఆడవాళ్ళు నడిచెళ్ళిన అక్టోబరు 5 కూడా సోమవారమే. వాళ్ళకెవరు చెప్పారు సెలవని! వదిన ఆ రోజు తోటలు చూడనంటుంది, ముందరి రాతి ముంగిట్లో కాసేపు ఊరికే నిలబడతానంటుంది. పక్కనున్న టీచరమ్మలు ఊరుకుంటారా అన్నది నా అనుమానం. అంత దూరం వెళ్ళి అద్దాల మందిరం చూడకుండా వస్తే ఇంటి దగ్గర కోడళ్ళకేం చెబుతారు?

మూడో రోజు మీద మా ఇద్దరికీ పేచీ వచ్చింది. మరీ ఆంట్వానెట్ రాణిని చివరి రోజుల్లో ఉంచిన కాన్సియెర్జరీ, 1793 అక్టోబరు 16న ఆమె తల తీసిన కాంకార్డ్ కూడలి, ఈ రెండింటికీ వదిన టిక్కు పెట్టింది. లూవ్ర్ మ్యూజియం మాత్రం కొట్టేసింది. “ఆ మోనాలిసా 77 సెంటీమీటర్లేనట కదే, మన గోడ కేలండరంత. దానికోసం తోసుకోవాలా?” అంది. ఇది విమర్శ కాదు, మోకాళ్ళ నొప్పి మాట. అందుకని ఒక్క సంగతి గుర్తుచేశాను. ఆ భవనం రాజుల కోట. అందులోని బొమ్మలు మామూలు జనం చూసేందుకు 1793 ఆగస్టు 10న తలుపులు తెరిచింది విప్లవ ప్రభుత్వమే. వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొట్టేసిన గీత మీద ఇంకో గీత కొట్టి, పక్కన ‘మంగళవారం సెలవు’ అని తనే రాసుకుంది.

మెట్రోలో మెట్లెక్కువ, చాలా స్టేషన్లలో లిఫ్టు లేదు. అందుకని బస్సుల నంబర్లు చూసుకుంటున్నాం. ఐఫిల్ టవర్ ఎక్కడం లేదు. చీకటి పడ్డాక గంట గంటకీ ఐదు నిమిషాలు ఒళ్ళంతా తళతళలాడుతుంది, నది ఇవతలి గట్టు నుంచి చూస్తే చాలు, టిక్కెట్టు అక్కర్లేదు. గంట కొట్టేదాకా ముగ్గురు టీచరమ్మలు కూర్చోవడానికి బల్ల ఎక్కడుందో మాత్రం ఇంకా దొరకలేదు.