రెక్క తరవాత, ముందు వెనకద్దం చూడండి

పిల్లలతో కూర్చుని ‘కార్స్’ సినిమా చూసినవాళ్ళకు అందులో నీలంరంగు పెద్దాయన గుర్తుండే ఉంటాడు. 43 నంబరు, కొసదేరిన పొడుగాటి ముక్కు, కప్పుకంటే ఎత్తున నిలబడ్డ రెక్క. అది 1970 ప్లిమత్ సూపర్‌బర్డ్. ఆ పాత్రకు గొంతు ఇచ్చింది కూడా ఆ కారును నిజంగా పందేల్లో నడిపిన రిచర్డ్ పెట్టీయే. మా వాడు ఆ రెక్క చూసి ‘‘ఇది విమానమా నాన్నా?’’ అన్నాడు. వాడు మరీ అంత తప్పుగా ఏమీ అడగలేదు. ఆ కార్ల మీద పనిచేసిన క్రైస్లర్ ఇంజనీర్లలో గ్యారీ రోంబర్గ్ లాంటివాళ్ళు రాకెట్ల దగ్గర పని నేర్చుకుని వచ్చినవాళ్ళే. అయితే ఆ సినిమా చూసిన పిల్లలూ, వేలంపాటల్లో లక్షల డాలర్లు గుమ్మరించే పెద్దలూ కూడా ఆ రెక్క దగ్గరే ఆగిపోతారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఆ రెక్కల కార్లలో అసలు పనితనం అంతా ఎవరూ వంగి చూడని చోట్ల ఉంది.

ముందుగా ఆ రెక్క ఏ జబ్బుకు మందో చెప్పాలి. అది మొదలైంది ప్లిమత్ లాగే క్రైస్లర్ వాళ్ళదైన డాడ్జ్ దగ్గర. 1968 డాడ్జ్ చార్జర్ కంటే అందమైన కారు అమెరికాలో తయారు కాలేదని నా మొండి నమ్మకం. కానీ ఆ అందం నిలబెట్టి చూసుకోవడానికే. ముందు జాలీ లోపలికి దిగిపోయి ఉంటుంది, ఎదురొచ్చిన గాలినంతా బుట్టలా పట్టుకుంటుంది. కప్పు రెండు పక్కలా గోడల్లాగా తోక దాకా జారుతుంది, వెనకద్దం మాత్రం ఆ గోడల మధ్య గుంటలో నిటారుగా కూర్చుంటుంది. కప్పు మీదుగా వచ్చిన గాలి ఆ గుంటలో పడి సుడులు తిరుగుతుంది. ఆ సుడి బండిని వెనక్కి లాగుతుంది, తోకను పైకి లేపుతుంది. ఊళ్ళో తిరిగితే ఇదంతా తెలియదు. గంటకు 190 మైళ్ళ మీద తెలుస్తుంది. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, దాన్ని గెలవడానికి కావలసిన శక్తి ఘనాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క వేసుకోండి: 190 నుంచి 200కి పోవాలంటే ఇంజిను దాదాపు 17 శాతం ఎక్కువ శక్తి ఇవ్వాలి. అప్పటికే 426 హెమీ ఇంజినులోంచి పిండగలిగినదంతా పిండేశారు. ఇక మిగిలింది గాలి ఒక్కటే.

గాలితో ఆడుకోవడం డాడ్జ్‌తో మొదలైందని నేను అనను. 1966లో అట్లాంటా పందేనికి జూనియర్ జాన్సన్ ఒక పసుపు ఫోర్డ్ తెచ్చాడు. ముక్కు కిందికి వాలిపోయి, కప్పు కుదించుకుపోయి, తోక పైకి లేచి ఉండేది. చూసినవాళ్ళంతా దాన్ని ‘పసుపు అరటిపండు’ అన్నారు. డేటోనా బీచ్‌లో షెడ్డు నడిపిన స్మోకీ యూనిక్ అయితే ఇంకో రకం. ఆయన షెవెల్‌తో 1967 డేటోనా 500లో కర్టిస్ టర్నర్ గంటకు 180.831 మైళ్ళతో పోల్, అంటే పందెం మొదట్లో అందరికంటే ముందు చోటు, కొట్టాడు. పైకి ఏ ఫ్యాక్టరీ డబ్బూ వెనక లేని కారు అది, పెద్ద కంపెనీల ముఖాలు మాడిపోయాయి. ఆ కారును ఎనిమిదింట ఏడు వంతుల సైజుకి కుదించి చేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. కుదించలేదు. బంపర్లు ఒంటికి అతికించాడు, అద్దాలు రేకుతో సమానంగా కూర్చోబెట్టాడు, అడుగు భాగం నునుపు చేశాడు. తనిఖీవాళ్ళు పెట్రోలు ట్యాంకు ఊడదీసి కింద పడేస్తే, ట్యాంకు లేకుండానే కారు స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడని ఒక కథ ఉంది. నిజమో కల్పనో గానీ, ఆయన మీద అలాంటి కథ పుట్టడంలోనే ఆయన గొప్ప తెలుస్తుంది.

సరే, చార్జర్. 1969కి డాడ్జ్ చేసిన చార్జర్ 500 గురించి ఎవరూ పాట కట్టలేదు, ఎవరూ బొమ్మ చెయ్యలేదు. నా లెక్కలో అదే ఈ వంశానికి తల్లి. లోపలికి దిగిన జాలీ తీసేసి, కొరోనెట్ కారు జాలీని తెచ్చి అంచుకు సమానంగా బిగించారు. వెనకద్దం గుంట మీద రేకు తొడిగి వెల్డింగ్ చేసి, కప్పు వాలుకు కలిసిపోయేలా కొత్త అద్దం ఏటవాలుగా కూర్చోబెట్టారు. ముందద్దం పక్క కమ్ముల దగ్గర వానచుక్క జారే అంచు ఒకటి ఉంటుంది కదా, అక్కడ గాలి తగిలి చెదరకుండా మెరిసే తొడుగు వేశారు. వేలెడు వెడల్పు తొడుగు అది. ప్రదర్శనల్లో ఆ కారు కనిపిస్తే నేను ముందు పోయి చూసేది ఆ తొడుగునే. గాలి ఎక్కడ తట్టుకుంటుందో కూర్చుని వెతికినవాడు తప్ప ఇంకొకడు చెయ్యలేని పని.

అంత చేసినా 1969 ఫిబ్రవరిలో డేటోనాలో చివరి ల్యాపులో ఓడిపోయారు. చార్లీ గ్లాట్స్‌బాక్ చార్జర్ 500ని జూనియర్ జాన్సన్ ఫోర్డ్‌లో లీరాయ్ యార్‌బ్రో దాటేశాడు. ఆ ఫోర్డ్ పేరు టోరినో టలడేగా. నేను డాడ్జ్ మనిషిని, అయినా ఫోర్డ్ వాళ్ళ ఒక్క పనికి మాత్రం చేతులెత్తి దండం పెడతాను. ముక్కు పొడుగు చెయ్యడం, జాలీని అంచుకు తేవడం ఎవరైనా చేస్తారు. వాళ్ళు వెనక బంపరును కోసి కుదించి ముందుకు పెట్టారు, ఒంటికి అతుక్కుని సన్నగా ఉంటుందని. అంతకంటే జాణతనం తలుపుల కింది పట్టీల్లో ఉంది. పందేలు నడిపే నాస్కార్ తనిఖీలో నేలకీ ఆ పట్టీకీ మధ్య ఎత్తు కొలిచేవారు. ఫోర్డ్ వాళ్ళు అమ్మే కార్లలోనే ఆ పట్టీలను పైకి మడిచేశారు. దాంతో పందెం కారు అంగుళం కిందికి దిగినా కొలతలో తప్పు దొరకదు. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ డేవిడ్ పియర్సన్ ఫోర్డ్‌తోనే ఎగరేసుకుపోయాడు. పెట్టీ అంతటివాడు ప్లిమత్‌ను వదిలి ఆ ఒక్క ఏడాది ఫోర్డ్ ఎక్కాడంటే ఊహించుకోండి.

అప్పుడు వచ్చింది చార్జర్ డేటోనా. విచిటా విశ్వవిద్యాలయంలో చిన్న నమూనాతో, జార్జియాలో లాక్‌హీడ్ విమానాల విండ్ టన్నెల్‌లో నిండు కారుతో పరీక్షలు చేశారు. ముందు దాదాపు 18 అంగుళాల ఉక్కురేకు ముక్కు, దాని కడుపు కింద రేడియేటరుకు కంత, దాని వెనక గాలిని కారు కిందికి దూరనివ్వని పలక. వెనక 23 అంగుళాల ఎత్తున రెక్క. విమానం రెక్కను తిరగేసినట్టు కోసిన పలక అది. విమానాన్ని పైకి లేపే గాలే ఇక్కడ తోకను నేలకు నొక్కుతుంది. అంత ఎత్తెందుకు అంటే డిక్కీ మూత తెరుచుకోవడానికి అని ఒక మాట పాతుకుపోయింది. డిక్కీ మాట ఉండనీ, అంత ఎత్తులో రెక్కకు కప్పు చెదరగొట్టని గాలి దొరుకుతుంది. ఆ రెండు నిలువు స్తంభాలు కూడా ఊరికే లేవు. కారు పక్కకు తిరగబోతే వాటి మీద గాలి ఒరుసుకుని తోకను మళ్ళీ దారిలో పెడుతుంది. ఇంకో విషయం, రెక్క బరువూ గాలి నొక్కుడూ డిక్కీ రేకు మీద పడకుండా లోపల కమ్ములు వేసి ఛాసీకి దింపారు. డిక్కీ మూత ఎత్తి ఆ కమ్ములు చూపించమని అడగండి, కారు అసలుదో నకిలీదో అక్కడే సగం తేలిపోతుంది.

ముందు చక్రాల మీద బోర్లించినట్టు ఉండే గుబ్బల సంగతి వేరే. టైరు రాసుకోకుండా పెట్టామని కంపెనీ చెప్పింది. చక్రాల గూట్లో బిగుసుకున్న గాలిని బయటికి తోలడానికి పెట్టామని తరవాత ఇంజనీర్లు చెప్పారు. కంపెనీ పోటీవాళ్ళ చెవిలో పువ్వు పెట్టిందని నా అనుమానం.

ఫలితం ఎలా వచ్చిందో చూడండి. 1969 సెప్టెంబరులో కొత్త టలడేగా ట్రాకులో గ్లాట్స్‌బాక్ 199.466 మైళ్ళు తీశాడు. టైర్లు ఆ వేగానికి చిరిగిపోతుంటే పెట్టీ నాయకత్వంలో పేరున్న డ్రైవర్లు పందెం వదిలి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళలో రిచర్డ్ బ్రిక్‌హౌస్ డేటోనాతో గెలిచాడు. 1970 మార్చి 24న బడ్డీ బేకర్ అదే ట్రాకు మీద 200.447 మైళ్ళు తీశాడు. మూసిన ట్రాకు మీద స్టాక్ కారు 200 దాటడం అదే మొదలు. ఆ ఏడాది బాబీ ఐజాక్ డేటోనాతో ఛాంపియన్. పెట్టీ తిరిగి ప్లిమత్‌కు వచ్చింది సూపర్‌బర్డ్ ఇస్తామన్నాకే. పెట్టీ జట్టులో ఇంకో సూపర్‌బర్డ్ నడిపిన పీట్ హామిల్టన్ 1970 డేటోనా 500తో పాటు టలడేగాలో రెండు పందేలూ కొట్టాడు.

సూపర్‌బర్డ్ దగ్గర ఒక చిన్న మోసం కూడా చెప్పాలి. పందెంలో దింపాలంటే జనానికి అమ్మడానికి అలాంటివి 500 చేస్తే చాలదు, ఇద్దరు డీలర్లకు ఒకటి చొప్పున చెయ్యాలంది నాస్కార్. అంటే దాదాపు రెండు వేలు. వెనకద్దం చుట్టూ వెల్డింగు అతుకులను రుద్ది, నింపి, మళ్ళీ రుద్ది నునుపు చేసే తీరిక ఎవరికుంది? వినైల్ కప్పు అతికించేశారు. మన షెడ్లలో డెంటింగ్ మేస్త్రీ లప్పం పెట్టి రోజంతా ఇసుకకాగితం రుద్దే పనిని వాళ్ళు నల్లటి తోలుతో కప్పేశారు. అందుకే పనితనం చూడాలంటే డేటోనా దగ్గరికి పోవాలి, సూపర్‌బర్డ్ దగ్గరికి కాదు. ప్లిమత్ అభిమానులు కోప్పడితే కోప్పడనీ.

తరవాత నాస్కార్ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. 1971లో రెక్కల కార్లకూ వాటి చుట్టాలకూ ఇంజిను 305 ఘనపు అంగుళాలు దాటకూడదని రూలు పెట్టారు. నిషేధం అనలేదు, గొంతు నులిమారు. అయినా డిక్ బ్రూక్స్ ఆ బుల్లి ఇంజినుతోనే డేటోనాను తోలి డేటోనా 500లో ఏడో స్థానం తెచ్చాడు. పెద్ద ఇంజిన్ల మధ్య ఏడో స్థానం! గాలిని సరిగ్గా మలిస్తే ఏమవుతుందో దీనికంటే రుజువు ఏం కావాలి? అదే ఏడాది సెప్టెంబరులో ఐజాక్ తన కారును బోనెవిల్ ఉప్పు మైదానానికి తీసుకుపోయి 28 రికార్డులు పెట్టాడు, మైలు పరుగులో 216.945 మైళ్ళు. ఇటు డీలర్ల దగ్గరేమో సూపర్‌బర్డ్‌లు అమ్ముడుపోక ఎండకు ఎండాయి. కొందరు ముక్కూ రెక్కా పీకేసి మామూలు రోడ్‌రన్నర్లుగా మార్చి అమ్మారు. రాసేటప్పుడు కూడా చెయ్యి వణుకుతోంది.

ఇవాళ పాత మజిల్ కార్లను ట్రాకుకు తయారుచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. టెక్సాస్‌లో ఉండే మా వరంగల్ తమ్ముడు ఒకడు 1969 కమారోను అలాగే చేసుకున్నాడు. ఆ కారు పుట్టుకతోనే కొంత తెలివి తెచ్చుకుంది: ఆ ఏడాది వచ్చిన ఒక రకం బానెట్ వెనకంచున నోరు తెరుచుకుని ఉంటుంది, ముందద్దం మొదట్లో పేరుకున్న గాలిని ఇంజినుకు పెడుతుంది. మావాడు కేటలాగు చూసి ఒక రెక్క కొని డిక్కీ మీద జానెడు ఎత్తున బిగించాడు. ట్రాకు మీద ఏ తేడా లేదు. అప్పుడు వెనకద్దం మీదా డిక్కీ మీదా ఊలు పోగులు వరసగా టేపుతో అతికించి, పక్క కారులోంచి వీడియో తీయించాడు. సాయంత్రం ఫోన్ చేశాడు: ‘‘అన్నా, సూడు, కప్పు మీది పోగులు సక్కగ ఎన్కకు పోతున్నయ్. అద్దం మీదియి ఉల్టా ముందుకు తిరుగుతున్నయ్!’’ విండ్ టన్నెల్ కూడా అవసరం లేదు, ఊలు ఉండ చాలు. గాలి కప్పు అంచు దగ్గరే విడిపోతోంది, ఆ చచ్చిన గాలిలో రెక్క కూర్చుంది. దాన్ని కప్పు ఎత్తుకు లేపాడు, స్తంభాలను ఛాసీకి దింపాడు. దాంతో వెనక నిలబడింది, ముందు తేలిపోయింది. వేగం మీద స్టీరింగు తిప్పితే బండి తిరగనంటుంది. అప్పుడు ముందు బంపరు కింద నిలువు పలక, దాని అడుగున ముందుకు పొడుచుకొచ్చే ప్లైవుడ్ స్ప్లిటర్. పైన ఆగిన గాలి ఒత్తిడి దాన్ని కిందికి నొక్కుతుంది, కింద వేగంగా పారే గాలి కిందికి పీలుస్తుంది. ఊగకుండా తీగలు కట్టి, దాని మీద తానే ఎక్కి నిలబడి చూశాడు. వంగలేదు. ఆ తరవాత రేడియేటరు వేడి గాలి పోవడానికి బానెట్‌కు కంతలు. ముందుకొకటి ఇస్తే వెనక్కి ఒకటి ఇవ్వాలి, ముక్కూ రెక్కా రెండూ కలిసే పుట్టాలి. 1969లో డాడ్జ్ వాళ్ళు చేసింది అదే.

ఇక కేటలాగు రెక్కల వ్యాపారం. ఫైబరు పలకకు నల్లని కార్బన్ స్టిక్కరు చుట్టి, నాలుగు స్క్రూలతో డిక్కీ రేకుకు బిగించుకోమంటారు. కోత ఏమిటో, ఏ కోణంలో పెట్టాలో, ఎంత నొక్కుతుందో ఒక్క ముక్క రాయరు. వేగం మీద రేకు వంగి ఊడిపోతే వెనక వచ్చేవాడి ప్రాణం మీదికి వస్తుంది. కప్పు అంచున వరసగా అతికించే బుల్లి ప్లాస్టిక్ రెక్కలు ఇంకో జబ్బు. గాలి ఎక్కడ విడిపోతోందో చూడకుండా అతికిస్తే దండగ, చూసి అతికిస్తే పనికొస్తాయి, కానీ చూసేవాడెవడు? ఈ జాడ్యం అమెరికాది మాత్రమే అనుకోకండి. మన హైదరాబాదు డెకార్ షాపుల్లో ముందు చక్రాలు తోసే బుల్లి హ్యాచ్‌బ్యాక్‌లకు వెనక రెక్క కడుతున్నారు. తోక బరువెక్కితే పనిచేసే ముందు చక్రాలకే పట్టు తగ్గుతుంది! హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023లో ఫార్ములా-ఇ కార్లు తిరిగినప్పుడు చూడటానికి పోయిన కుర్రాళ్ళలో వందమందిలో ఒక్కడైనా ఆ కార్ల అడుగు భాగం వైపు వంగి చూశాడా అని నాకు సందేహం.

పాత కార్లున్న ధనవంతులకు నాదొక విన్నపం. డేటోనా మీ గ్యారేజీలో ఉంటే, గుడ్డ కప్పి వేలం దాకా దాచకండి. ఏడాదికొక్కసారైనా ట్రాకు మీదికి తీసి ఊలు పోగులు అతికించి తోలండి. ఆ వెనకద్దం మీద అవి తిన్నగా పడుకోవడం కుర్రాళ్ళు కళ్ళారా చూస్తే, కేటలాగు మూసేస్తారు. ఫోర్డ్ పక్షం పాఠకులు ఈ వ్యాసం చదివి ఉత్తరాలు రాస్తారని తెలుసు. రాయండి. 1969 ఛాంపియన్‌షిప్ మీదేనని ముందే ఒప్పుకున్నాను, తలుపు పట్టీల జాణతనానికి దండం కూడా పెట్టాను. 200 మైళ్ళు ఎవరు ముందు దాటారో మాత్రం రాసేముందు ఒకసారి చూసుకోండి.