ఇది నువ్వు చదవాలి

మా చిన్నప్పుడు విశాఖ కంచరపాలెంలో మా వరస మొత్తానికి వారపత్రిక ఒక్కటే వచ్చేది. దాని కోసం కాచుకుని ఉండే ఇళ్లు మాత్రం ఆరు. అన్నీ రైల్వేలోనో పోర్టులోనో పనిచేసేవాళ్ల ఇళ్లే. మగవాళ్లు నైట్ డ్యూటీకి వెళ్లాక, కుళాయి దగ్గర బిందెలు నిండాక, ఆడవాళ్లు మా అరుగు మీదికి చేరేవారు. మా అప్ప లైటు కిందికి జరిగి కూర్చునేది. పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో ముందు రెండు మాటల్లో గుర్తు చేసేది. తర్వాత సీరియల్ మొదలయ్యేది. అత్తగారికో గొంతు, కోడలికో గొంతు. వర్ణనలు వచ్చినచోట గబగబా దాటించేది. ఇద్దరు మనుషులు మాట్లాడుకునే చోట నెమ్మదించేది. ఇంకా ఒక పేజీ మిగిలి ఉండగానే పత్రిక మడిచేసేది.

"ఏటప్పా, ఆపేసినావ్?" అని ఎవరో ఒకరు నిలదీసేవారు.

"మిగిలింది ఎవరికి వాళ్లు సదుంకోండి" అని పత్రిక వాళ్ల చేతిలో పెట్టేది.

ఆ ఒక్క పేజీ కోసమే ఎదురింటి పిన్ని కొడుకు పలక తీసుకుని అక్షరాలు దిద్దింది. ఏడాది తిరిగేసరికి కూడబలుక్కుని చదవడం మొదలెట్టింది.

ఇంకొకరి చేత పుస్తకం చదివించడం ఒక విద్య అని నాకు అర్థమైంది ఆ అరుగు మీదే. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో తెలిసి ఉండాలి. కథంతా చెప్పేస్తే విన్నవాడికి చదవాల్సిన పని ఉండదు. "చాలా బావుంది" అని ఊరుకుంటే ఏమీ అందదు. ఒక మనిషిని కష్టంలో పెట్టి, తర్వాతేం జరిగిందో చెప్పకుండా పుస్తకం చేతిలో పెట్టాలి. పురాణ కాలక్షేపం చేసేవాళ్లకూ, హరిదాసులకూ తెలిసిన కిటుకే ఇది. మా అప్ప దాన్ని వారపత్రికకు తెచ్చుకుంది.

సీరియల్ అయిపోగానే రెండో పని మొదలయ్యేది. దాచిన పత్రికల్లోంచి ఆ పేజీలు మాత్రం జాగ్రత్తగా చించి, వరసలో పేర్చి, దబ్బనంతో బెజ్జాలు పొడిచి పురికొసతో కుట్టేవారు. మైదా ఉడికించిన జిగురు, పాత కేలండర్ కాగితం అట్ట. నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. ఏ వారమైనా పత్రిక చేతికి అందకపోతే బైండులో ఆ వారం ఖాళీ అయిపోతుంది. అప్పుడు కథ తెలిసినవాళ్లు ఎవరో ఒకరు నోటుబుక్కు కాగితం మీద ఆ వారం జరిగిన కథ సొంత మాటల్లో రాసి మధ్యలో కుట్టేవారు. రచయిత రాసిన పేజీల మధ్య పాఠకురాలి పేజీ! అట్ట లోపలివైపు ఎవరి తర్వాత ఎవరు తీసుకెళ్లారో పేర్లు ఉండేవి. తెలుగుదేశంలో ఇలాంటి ఇంటి బైండులు ఎన్ని ఇళ్ల అటకల మీద ఉన్నాయో లెక్కే లేదు.

తర్వాత అద్దె పుస్తకాల షాపు. టీవీ ఇంటింటికీ రాకముందు ప్రతి పేటలోనూ ఒకటి ఉండేది. డిపాజిట్ కట్టి, రోజుకింత అని అద్దె ఇచ్చి నవల తెచ్చుకోవాలి. నేను వెళ్లిన షాపాయన మొదటిసారి వచ్చినవాళ్లని ఒకే ప్రశ్న అడిగేవారు: "ఏ పుస్తకం మధ్యలో వదిలేశావమ్మా?" నచ్చింది ఏదని అడిగితే ఎవరైనా అందరూ చెప్పే పేరే చెబుతారు. వదిలేసింది చెప్పేటప్పుడు మాత్రం నిజం బయటికొస్తుంది. ఆ జవాబుని బట్టి ఆయన మెట్లు కట్టేవారు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' చదివినవాళ్లకి రంగనాయకమ్మ 'బలిపీఠం'. అది పూర్తిచేసినవాళ్లకి కొడవటిగంటి కుటుంబరావు. యండమూరి నవలల కోసం వచ్చిన కుర్రాళ్లకి ఎప్పుడో ఒకరోజు "ఇది మన విశాఖ వకీలుగారు రాసింది, సన్నంగానే ఉంటుంది" అని రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' చేతిలో పెట్టేవారు. సన్నంగా ఉంటుందన్న మాట కూడా కిటుకే. కొత్త చదువరి మొదట చూసేది పుస్తకం లావు.

అద్దె షాపులు చవకబారు నవలలతో జనాన్ని పాడుచేశాయని పెద్దలు చాలాకాలం విసుక్కున్నారు. నేను ఒప్పుకోను. మా పేటలో కొడవటిగంటి దాకా వచ్చినవాళ్లు చాలామంది ఆ షాపు మెట్లెక్కే వచ్చారు.

ఈ విద్యకు విశాఖలో పాత వేళ్లున్నాయి. 1886లోనే ఇక్కడ సారస్వత నిలయం అనే గ్రంథాలయం వెలిసింది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వచ్చింది 1901లో. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగాక, అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా పుస్తకాల గదులు తెరిపించారు. 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు కాలువ మీద పడవలోనే గ్రంథాలయం నడిపారు. పడవ ప్రయాణం గంటల తరబడి సాగేది, ప్రయాణికులకు వేరే పని ఉండదు. మనిషికి తీరిక దొరికే చోటేదో చూసి పుస్తకాన్ని అక్కడికే చేర్చారాయన. అంతకంటే తెలివైన పని నాకు తోచదు.

ఒక మనిషి ఇంకో మనిషికి సరైన సమయంలో పుస్తకం ఇస్తే ఏమవుతుందో చూడాలంటే వాల్తేరు వైపు చూడాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి అధికారిగా ఉన్న అబ్బూరి రామకృష్ణరావు, ఈ ఊళ్లోనే పుట్టిన శ్రీశ్రీకి ప్రపంచ కవిత్వాన్ని పరిచయం చేసినవాళ్లలో ముఖ్యుడు. పక్కనే విజయనగరంలో యూరపు భాషలు ఎన్నో నేర్చిన రోణంకి అప్పలస్వామి ఉండేవారు. చాసో, శ్రీరంగం నారాయణబాబు, శ్రీశ్రీ చదివినవాటి గురించి మాట్లాడుకుంటూ ఎదిగారు. తెలుగు కవిత్వం మలుపు తిరిగిందని మనం చెప్పుకునే రోజుల వెనక ఈ చేబదుళ్లు ఉన్నాయి.

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు అచ్చువేశారు. ప్రతి పాఠకుడికీ తనకు తగిన పుస్తకం ఉంటుందనీ, ప్రతి పుస్తకానికీ దానికి తగిన పాఠకుడు ఉంటాడనీ వాటిలో రెండు చెబుతాయి. ఆ రెంటినీ కలిపే మనిషి కావాలి. మా అద్దె షాపాయన రంగనాథన్ పేరు విని ఉండకపోవచ్చు, చేసింది మాత్రం ఆ పనే.

కారా మాస్టారిని తలచుకోకుండా ఈ మాట పూర్తి కాదు. కాళీపట్నం రామారావు విశాఖ సెయింట్ ఆంటొనీస్ హైస్కూల్లో 1948 నుంచి 1979 దాకా పాఠాలు చెప్పారు, 'యజ్ఞం' వంటి కథలు రాశారు. తన దగ్గరికి కథలు పట్టుకొచ్చిన కుర్ర రచయితలతో గంటలు గంటలు మాట్లాడారు. చివరికి బహుమానాలుగా వచ్చిన డబ్బు కూడా పెట్టి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అచ్చయిన ప్రతి తెలుగు కథా అక్కడికి చేరాలని ఆయన పట్టుదల. ఆ కథలు చాలావరకు ఇళ్లలో జనం దాచుకున్న పాత పత్రికల్లోంచి వచ్చాయి. మా అటకమీది బైండులాంటివే!

ఇప్పటి సంగతి. షిఫ్టు బస్సులో స్టీలుప్లాంటుకి వెళ్లే కుర్రాడి చేతిలో ఫోను ఉంది. ఫోనులో పుస్తకాల పేర్లకు కొదవ లేదు. ఒకేసారి నలభై పేర్లు వస్తాయి. అతను ఏ పుస్తకం మధ్యలో వదిలేశాడో అడిగేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. నేను పుస్తకం ఇచ్చేటప్పుడు ఇప్పటికీ పాత పద్ధతే పాటిస్తాను. పదిమందికి ఒకే పుస్తకం చెప్పను, ఒకరికి ఒకటి ఇస్తాను. నేను చదవనిది ఇవ్వను. మర్నాడే "చదివావా?" అని అడగను, అలా అడిగితే పుస్తకం అప్పులా బరువెక్కుతుంది. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం కూర్చోబెట్టి టీ ఇస్తాను. నచ్చలేదంటే ఎందుకో పూర్తిగా వింటాను. తర్వాత ఏ పుస్తకం ఇవ్వాలో ఆ మాటల్లోనే దొరుకుతుంది. పుస్తకం తిరిగి రాకపోతే బాధపడతాను, దాచను. అయినా ఇవ్వడం మానలేదు.

ఇవ్వడానికి మీ దగ్గర పుస్తకం లేదంటారా? మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు ఉంటుంది. రూపాయి పన్నుకు 8 పైసలు. పేటలో గ్రంథాలయం మీ డబ్బుతో నడుస్తోంది, మీరు వెళ్లి అడగాలి. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఈసారి ఒక పిల్లనో పిల్లాడినో వెంటబెట్టుకుని వెళ్లండి. మీరు చదివి ఇష్టపడ్డ పుస్తకం ఒకటి వెతికి తీయండి. మొదటి రెండు పేజీలు మీరే చదివి వినిపించి, మూడో పేజీ దగ్గర వాళ్ల చేతికి ఇవ్వండి.